పదిహేడో నంబరు మీట

మునగపూడి పురపాలక సంఘానికి వార్డులు ముప్ఫై ఒకటి. అదే సంఘం వారి కళామందిరంలో ఉన్న ఈక్వలైజర్‌కి మీటలు కూడా ముప్ఫై ఒకటే. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. వార్డుల సంఖ్యను ఎవరో జనాభా లెక్కలు చూసి తేల్చారు. మీటల సంఖ్యను ఆ పెట్టె తయారుచేసినవాళ్ళు మనిషి చెవిని చూసి తేల్చారు. కానీ సంబంధం లేని విషయాలకు సంబంధం కలపడానికే కదా మనం పాలకవర్గాన్ని ఎన్నుకునేది. ఆ కలపడం జరిగేదాకా సౌండు ఆపరేటర్ ఏసుపాదం ఇరవై ఆరేళ్ళపాటు సుఖంగానే ఉన్నాడు.

ఆ పెట్టె సంగతి కాస్త చెప్పుకోవాలి. నల్లటి రేకు పెట్టె, దాని ముఖాన వరసగా నిలువు గాళ్ళు, ఒక్కో గాడిలో పైకీ కిందకీ జరిగే ఒక్కో మీట. ఎడమ చివరి మీట బొంగురు శబ్దానిది, కుడి చివరిది కీచు శబ్దానిది, మధ్యలోవి మధ్య శబ్దాలవి. ప్రతి హాలుకీ ఒకటి రెండు శబ్దాల మీద మక్కువ ఉంటుంది. మైకులో ఆ శబ్దం పడిందా, బాక్సుల్లోంచి బయటికొచ్చి, గోడలకు తగిలి, తిరిగి మైకులోనే దూరి, మళ్ళీ బాక్సుల్లోంచి వచ్చి, అలా గిరగిరా తిరిగి తిరిగి చివరికి కూతై కూర్చుంటుంది. అప్పుడు మొత్తం సౌండు తగ్గించక్కర్లేదు. ఏ శబ్దం కూస్తోందో కనిపెట్టి ఆ ఒక్క మీటను కిందికి దించితే చాలు, మిగతా సౌండు ఎంత పెంచినా మందిరం నోరెత్తదు.

కళామందిరానికి అలాంటి మక్కువలు రెండున్నాయి. పదిహేడో మీట పైకి లేస్తే ఊళ వేస్తుంది. ఇరవై రెండోది లేస్తే ఈల వేస్తుంది. ఏసుపాదం ఆ రెండింటినీ అట్టడుక్కి దించి, పన్నెండోదాన్ని బెత్తెడు కిందికి లాగి, మిగతావాటిని ఎక్కడివక్కడ ఉంచేవాడు. వార్షికోత్సవాలు, సన్మానాలు, హరికథలు అన్నీ అలాగే జరిగిపోయేవి. సౌండు బాగుందని ఎవరూ అనేవారు కాదు. బాగున్న సౌండు ఎవరికీ గుర్తుండదు, దాని గొప్పతనమే అది.

యాభై దాటాక ఏసుపాదానికి మీటల కింద అచ్చేసిన సన్నటి అక్షరాలు కనిపించడం మానేశాయి. వేళ్ళు తగిలి తగిలి అవి సగం చెరిగిపోయాయి కూడా. అందుకని మందుల షాపులో దొరికే తెల్ల ప్లాస్టరు తెచ్చి, చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా అంకెలేసి మీటల కింద అంటించాడు. తన జీవితంలో చేసిన ఒకే ఒక్క తప్పు అదేనని తర్వాత లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాడు.

ప్రపంచ చేతుల శుభ్రత దినోత్సవం నాడు పదిహేడో వార్డు కౌన్సిలర్ గొట్టిముక్కల పానకాలు, ముందు వరసలో ఫాను తిరగడం లేదని చెప్పడానికి సౌండు గదిలోకి వచ్చాడు. వచ్చినవాడు ఫాను సంగతి మరిచిపోయి పెట్టె ముందు ఆగిపోయాడు.

"ఇయ్యేంటయ్యా?"

"మీటలండి."

"ఈ నంబర్లు?"

"మీటల నంబర్లేనండి. ముప్ఫై ఒకటున్నాయి."

పానకాలు ఒక్కొక్క అంకె మీదా వేలు ఆనిస్తూ వెళ్ళి పదిహేడు దగ్గర ఆపాడు. "మరిదేంటి, అడుగున పడుంది?"

"అదక్కడుంటేనే మంచిదండి. పైకి లేపితే ఊళ వేస్తదండి."

పానకాలు ముఖం కందగడ్డ అయింది. "మా వార్డు పైకి లేస్తే ఊళ వేస్తదా? ఎవరు చెప్పారు నీకు, ఛైర్మన్ చెప్పాడా?"

ఏసుపాదానికి అర్థమయ్యేసరికి పానకాలు ఒకటో నంబరు మీట దగ్గరికి వెళ్ళిపోయాడు. అది గాడి మధ్యలో హాయిగా నిలబడి ఉంది. ఒకటో వార్డు ఛైర్మన్ వరహాలరావు గారిది. నిజానికి ఆ మీటను ఏసుపాదం ఇరవై ఆరేళ్ళలో ముట్టుకున్న పాపాన పోలేదు. అది పలకాల్సినంత బొంగురు శబ్దం ఆ బాక్సులకు చేతకాదు, కాబట్టి ఎక్కడున్నా ఒకటే. ఆ మాట చెప్పబోతే వినే మనిషి గదిలో లేడు.

మూడు రోజుల తర్వాత కౌన్సిల్ సమావేశంలో పానకాలు బల్ల మీద చరిచి లేచాడు. "అధ్యక్షా! పదిహేడో వార్డులో రోడ్డు లేదు, కొళాయి లేదు, లైటు లేదు. ఉన్న ఒక్క మీటనీ తొక్కేశారు! ఇరవై ఆరేళ్ళ నుంచి ఈ ఊళ్ళో జరిగిన ప్రతి సభలోనూ మా వార్డు అడుగునే ఉంది అధ్యక్షా!"

పన్నెండో వార్డు కౌన్సిలరు కూడా లేచి, తమది పూర్తిగా కాకపోయినా బెత్తెడు అణిగి ఉందనీ, బెత్తెడైనా అణచివేత అణచివేతేననీ అన్నాడు. తమ మీట కొంచెం పైనే ఉన్నవాళ్ళు మాత్రం ఈ విషయానికి అంత ప్రాధాన్యం అక్కర్లేదన్నారు. దాంతో గొడవ ఇంకా పెరిగింది. చివరికి ఛైర్మన్ వరహాలరావు గారు కమిషనర్ చిదానందం వైపు చూశారు. చిదానందం గారు మామూలు తెలుగు ఇంట్లో వాడుకుని, ఆఫీసుకి వచ్చేటప్పుడు అక్కడే వదిలేసి వస్తారు.

"సదరు ధ్వని నియంత్రణ పరికరమునందు వార్డుల నడుమ గల ఎత్తుపల్లములను తక్షణమే తొలగించి, సమస్త మీటలను ఏకరేఖపై నిలుపవలెనని తీర్మానించవచ్చును" అన్నారాయన.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ సంఘం చరిత్రలో అలా నెగ్గిన తీర్మానం అదొక్కటేనని పాతకాపులు చెప్పుకున్నారు.

ఏసుపాదం చేతులు కట్టుకుని కమిషనర్ గారి గదిలో నిలబడ్డాడు. "సార్, అన్నీ ఒకే ఎత్తున పెడితే హాలు కూస్తదండి."

చిదానందం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. "కళామందిరము స్థిరాస్తి. స్థిరాస్తులు కూయుటకు పురపాలక నిబంధనలలో ఎచ్చటనూ అవకాశము లేదు. వెళ్ళిరండి."

అవకాశం లేకపోయినా అది కూసింది. పరిశుభ్రతా వారోత్సవాల ప్రారంభ సభలో ఛైర్మన్ గారు మైకు ముందుకొచ్చి "సభకు" అన్నారు. "నమస్కారం" అనేలోపు పదిహేడోది ఊళ అందుకుంది, దానికి ఇరవై రెండోది ఈలతో వంత పాడింది. జనం చెవులు మూసుకున్నారు. ముందు వరసలో ఒక పిల్లాడు కెవ్వుమన్నాడు. కూత ఆగాక మాట్లాడదామని ఛైర్మన్ గారు మైకు దగ్గరే ఓపిగ్గా నిలబడ్డారు. ఏసుపాదం సౌండు తగ్గిస్తే కూత ఆగేది, కానీ దాంతోపాటే ఛైర్మన్ గారూ వినపడకుండా పోయేవారు. పెంచితే ఆయన వినపడేలోపే కూత వచ్చేది. అలా వారోత్సవాలు ప్రారంభమయ్యాయో లేదో ఎవరికీ తెలియకుండానే ప్రారంభమయ్యాయి.

కూత ఏ వార్డు నుంచి వచ్చిందో తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. ఆ ముగ్గురూ హాల్లో మూడు మూలల్లో కూర్చుని, ఏసుపాదం చేత పదకొండుసార్లు కూయించి, నాలుగు పేజీల నివేదిక ఇచ్చారు. వార్డులన్నీ సమానంగానే ఉన్నా, తగినంత ఎత్తులో లేకపోవడం వల్ల అవి అసంతృప్తితో కూస్తున్నాయని అందులో రాశారు.

ఇంకేం కావాలి! మర్నాటి నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. తొమ్మిదో వార్డు కౌన్సిలర్ తన మీటను ఒక గీత పైకి జరపమని రాశాడు. పదో వార్డాయన రెండు గీతలన్నాడు. పక్కింటివాడు మేడ మీద మేడ వేస్తే మనం చూస్తూ ఊరుకుంటామా, అలాగే వారం తిరిగేసరికి ముప్ఫై ఒక్క మీటలూ గాళ్ళ కొసలకెళ్ళి ఆనుకున్నాయి. అంతకంటే పైకి పోవడానికి చోటు లేదని ఏసుపాదం చెబితే, గాళ్ళు పొడిగించడానికి అంచనాలు వేయమని ఇంజనీరింగు విభాగానికి ఫైలు వెళ్ళింది. ఎవరూ తమ వార్డును రహస్యంగా దించకుండా పెట్టెకు అద్దాల మూత బిగించి, తాళం వేసి, తాళంచెవి కమిషనర్ గారి బీరువాలో పెట్టారు.

"చూశావా ఏసుపాదం" అన్నారు ఛైర్మన్ గారు ముచ్చటగా. "మా ఒకటోది పైకెక్కాక నా గొంతుకి ఎంత గాంభీర్యం వచ్చిందో!"

"వచ్చిందండి" అన్నాడు ఏసుపాదం. ఉద్యోగం చేసుకునేవాడు ఇంకేమంటాడు?

అన్ని మీటలూ కొసకి వెళ్తే, ఒక్కటీ జరపకుండా మొత్తం సౌండే పెంచినట్టు. కూత ఇదివరకు మాట్లాడితే వచ్చేది, ఇప్పుడు మైకు ముందు ఎవరైనా ఊపిరి పీల్చినా వస్తోంది. దానికి కమిషనర్ గారు మూడు నివారణోపాయాలు జారీ చేశారు. వక్త మైకుకు ఆరడుగుల దూరంలో నిలబడవలెను. వక్త వీలైనంత తక్కువ మాట్లాడవలెను. కూత వచ్చినపుడు సభికులు కరతాళధ్వనులు చేయవలెను. ఈ మూడోదాని కోసం ఆరోగ్య విభాగం నుంచి పాతికమంది పారిశుధ్య కార్మికుల్ని తెచ్చి చివరి వరసల్లో కూర్చోబెట్టారు. కూత రాగానే వాళ్ళు చప్పట్లు కొడతారు, చప్పట్లు మైకులో పడి కూత హెచ్చుతుంది, కూత హెచ్చగానే వాళ్ళు ఇంకా గట్టిగా కొడతారు. ఛైర్మన్ గారి ప్రసంగం ఆద్యంతం చప్పట్ల మధ్య సాగిందని పేపర్లో వచ్చింది. అబద్ధమనడానికి లేదు.

ఇదంతా చూసి నవ్వుకుని ఊరుకునేవాడే ఏసుపాదం. కానీ నవంబరు ఇరవై నాలుగో తేదీ దగ్గర పడుతోంది. ఆ రోజు కళామందిరంలో దాసరి వీరమ్మకు పౌరసన్మానం.

వీరమ్మ బుర్రకథ చెబుతుంది. డెబ్బై ఒకటి నిండాయి. ఉప్పెన వచ్చిన ఏడాది మీద తానే కట్టుకున్న కథను నలభై ఏళ్ళు ఊరూరా చెప్పింది. ఏసుపాదం మీసాలు రాని వయసులో ఆవిడ దళం వెంట మైకుసెట్టు మోశాడు. వైరు చుట్టడం దగ్గర్నుంచి, ఏ శబ్దం ఎక్కడ కూస్తుందో చెవితో పట్టడం దాకా ఆవిడ చుట్టూ తిరుగుతూనే నేర్చుకున్నాడు. పోయినేడు వీరమ్మ గొంతుకు ఆపరేషనైంది. ఒకప్పుడు మైకు లేకుండా తిరునాళ్ళను నిలబెట్టిన గొంతు, ఇప్పుడు పక్కగదిలో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. సన్మానం నాడు పది నిమిషాలు కథ చెప్పాలని ఆవిడ కోరిక. అదే ఆఖరని ఆవిడే అంది.

సన్మానానికి తొమ్మిది రోజుల ముందు, పొద్దున్నే రిక్షా దిగి కళామందిరానికి వచ్చింది. ఆరడుగుల నిబంధన పక్కన పెట్టి ఏసుపాదం మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. "తందాన" అని ఆవిడ అందో లేదో మందిరం ఊళ వేసింది. వీరమ్మ ఠక్కున ఆగిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకుని స్టేజీ అంచున కూర్చుంది.

"ఒరే ఏసుపాదం, మునుపైతే దీని కూత మీదకే నా కూత ఎక్కించేదాన్ని. ఇప్పుడు ఆగానంటే మళ్ళీ ఎత్తుకునే ఊపిరి లేదురా. ఆ రోజు గనక ఇది కూస్తే, కథ అక్కడే అయిపోద్ది. జనం ముందు అలా కూర్చుండిపోవడం కంటే అసలు రాకుండా ఉంటం నయం."

"కూయదమ్మా" అన్నాడు ఏసుపాదం. "ఆఖరి వరసలో ఉన్నోడికి కూడా నీ మాట ప్రతిదీ వినపడతది. నాదీ పూచీ."

పూచీ అయితే ఇచ్చాడు గానీ మీటలు అద్దాల పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి బీరువాలో ఉంది. ఇంటికెళ్ళి అన్నం సహించక కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత చొక్కా తగిలించుకుని ఇరవై రెండో వార్డుకి బయల్దేరాడు.

ఇరవై రెండో వార్డంటే పారిశుధ్య కార్మికుల కాలనీ. అక్కడి కౌన్సిలర్ నాగరత్నం, రిటైరైన లెక్కల టీచరు, ఏ పార్టీకీ చెందని మనిషి. అందువల్ల కౌన్సిల్లో ఆవిడ కుర్చీ స్తంభం వెనక వేశారు. ఏసుపాదం వెళ్ళేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"టీచరు గారూ, తమరు కోప్పడనంటే ఒక మాట. మీ వార్డు మీట దించుకోనివ్వాలండి."

ఆవిడ కోప్పడలేదు. "దించితే ఏమవుతుంది?" అంది.

ఏసుపాదానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. అరుగు కింద కూర్చుని అంతా చెప్పాడు, ఊళ సంగతీ ఈల సంగతీ, వీరమ్మ సంగతీ.

"అంటే మా మీట అడుగునుంటేనే అందరికీ వినపడుతుందన్నమాట" అంది నాగరత్నం. "మావాళ్ళని ఎలాగూ చివరి వరసల్లోనే కూర్చోబెడతారు, చప్పట్లు కొట్టడానికి. వినపడాల్సింది అందరికంటే మొదట మావాళ్ళకే. దించెయ్యి నాయనా." అక్కడికక్కడే కాగితం తెచ్చి, ఇరవై రెండో వార్డు మీటను అట్టడుక్కి దించడానికి తమకు అభ్యంతరం లేదని రాసి సంతకం చేసింది.

కమిషనర్ గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తమ వార్డును తామే దించమన్న ఉత్తరం ఆయన సర్వీసులో చూడలేదు. వద్దనడానికి నిబంధన దొరక్క తాళం తీయించారు. ఆ సాయంత్రం జరిగిన పద్యాల పోటీలో ఈల మాయమైంది. ఊళ ఉంది గానీ, సగం పద్యాలు అర్థమయ్యాయి. అప్పటికే అలవాటు తప్పిన జనం అదే మహాభాగ్యమనుకుని లేచి నిలబడి మెచ్చుకున్నారు.

మర్నాడు పేపర్లో నాగరత్నం ఫోటో వచ్చింది. 'వార్డును దించి సభను నిలిపిన త్యాగశీలి' అని దానికి శీర్షిక. ఏసుపాదం ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక పానకాలు కాళ్ళో గడ్డమో పట్టుకుని పదిహేడోది కూడా దించితే గండం గట్టెక్కినట్టే అనుకున్నాడు. పట్టుకోవలసిన అవసరం రాలేదు. పదిగంటలకల్లా పానకాలే ఆయాసపడుతూ వచ్చాడు.

"మాది దించేయ్ ఏసుపాదం! ఆ పంతులమ్మ కంటే కిందకి దించాలి. త్యాగంలో పదిహేడో వార్డు ఎవరికీ తీసిపోదు!"

ఏసుపాదం మనసులోనే దేవుడికి దండం పెట్టాడు. పెట్టిన దండం పూర్తయ్యేలోపు తొమ్మిదో వార్డాయన వచ్చాడు. తర్వాత పదో వార్డాయన. మధ్యాహ్నం భోజనాల వేళకి సౌండు గది బయట వరస మెట్ల దాకా ఉంది. అందరి చేతుల్లోనూ అభ్యంతరం లేదన్న కాగితాలే. ఫోటోగ్రాఫర్లను వెంటబెట్టుకొచ్చిన వాళ్ళూ ఉన్నారు. ఛైర్మన్ గారు అందరికంటే చివర వచ్చి, తమ ఒకటో మీటను స్వహస్తాలతో అట్టడుక్కి దించి, ఆ క్షణంలోనే తమ గొంతులో ఎంతో వినయం చోటు చేసుకుందని సెలవిచ్చారు.

"అయ్యా, అందరూ దిగితే ఎవరూ దిగనట్టేనండి" అని ఏసుపాదం మొత్తుకున్నాడు. "ఆ రెండే కింద ఉండాలండి. మిగతావి పైనుంటేనే వాటి దిగుడుకి అర్థమండి."

"త్యాగము ఏ రెండు వార్డులకో గుత్త కాదు" అన్నారు కమిషనర్ గారు, తాళం వేయిస్తూ.

మర్నాడు పరీక్ష పెట్టారు. ముప్ఫై ఒక్క మీటలూ అడుగున పడుకుని ఉండటంతో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. సౌండు పెంచమన్నారు, పెంచాడు. ఇంకా పెంచమన్నారు, ఇంకా పెంచాడు. సరిగ్గా వినపడే చోటికి వచ్చేసరికి ఊళా ఈలా పాత చుట్టాల్లా కలిసికట్టుగా వచ్చేశాయి. చివరి వరసల్లో పాతికమందీ అలవాటు కొద్దీ చప్పట్లందుకున్నారు.

సన్మానం ఇంక మూడు రోజులుంది. ఏసుపాదం మళ్ళీ ఇరవై రెండో వార్డుకి వెళ్ళాడు. ఈసారి అరుగు మీద కూలబడిపోయాడు. "నా వల్ల కాదు టీచరు గారూ. వీరమ్మని రావద్దని చెప్పేస్తాను. ఆవిడ అలా స్టేజీ మీద ఆగిపోవడం నేను చూడలేను."

"ఆ అంకెలు ఎవరు అంటించమన్నారు నిన్ను?" అంది నాగరత్నం.

"ఎవరూ అనలేదండి. కళ్ళు ఆనక నేనే అంటించుకున్నాను."

"అనుమతి తీసుకున్నావా?"

"ప్లాస్టరుకి అనుమతేంటండి?"

"అదే మరి. నీకు చిన్న దెబ్బ తగులుతుంది, ఓర్చుకుంటావా?" అని అడిగింది.

"వీరమ్మ కథ ముగిసేదాకా నిలబడితే చాలు, దేనికైనా ఓర్చుకుంటానండి" అన్నాడతను.

మర్నాటి అత్యవసర సమావేశంలో స్తంభం వెనక నుంచి నాగరత్నం లేచింది. ఆవిడ లేచిందన్న సంగతి గొంతు విన్నాకే తెలిసింది. "అధ్యక్షా, పురపాలక ఆస్తి అయిన పరికరం మీద అంకెలు అంటించడానికి ఏ తేదీన, ఏ తీర్మానం ద్వారా అనుమతి ఇచ్చారో సభకు తెలపాలి. అనుమతి లేని అంకెల ఆధారంగా ఈ సభ ఇన్ని తీర్మానాలు చేసి ఉంటే, వాటికి బాధ్యులెవరో కూడా తెలపాలి."

సభ చల్లబడిపోయింది. బాధ్యులన్న మాట వినగానే ఛైర్మన్ గారు కమిషనర్ గారిని చూశారు. కమిషనర్ గారు ఫైలును చూశారు. ఫైల్లో ఎవరూ లేరు. ఇద్దరూ కలిసి ఏసుపాదాన్ని చూశారు.

"ఇందుకు పరిష్కారం కూడా నేనే మనవి చేస్తాను" అంది నాగరత్నం. "ఆ అంకెలు తొలగించి, పరికరాన్ని అంకెలు అంటించక పూర్వం ఉన్న స్థితికి తెప్పిస్తే, అసలు ఏమీ జరగనట్టే అవుతుంది."

ఏమీ జరగనట్టే అవడం కంటే ఏ కార్యాలయానికైనా కావలసిందేముంది? సాయంత్రానికల్లా ఏసుపాదానికి మెమో అందింది. 'సౌండు ఆపరేటరు శ్రీ ఏసుపాదం గారు పై అధికారుల అనుమతి లేకయే సంఘపు ఆస్తియగు పరికరముపై వైద్య సంబంధమైన ప్లాస్టరు అంటించి, అంకెలు వేసి, తద్వారా గౌరవ సభ్యుల మనోభావములకును, సభా కార్యక్రమములకును తీవ్ర విఘాతము కలిగించినందున, వారిని ఇందుమూలముగా అభిశంసించి, సదరు విషయమును వారి సర్వీసు రిజిస్టరులో నమోదు చేయడమైనది. వారు తమ తప్పును లిఖితపూర్వకముగా ఒప్పుకొనవలెను. ఇరువది నాలుగు గంటలలో అంకెలను తొలగించి, పరికరమును పూర్వస్థితికి తేవలెను.'

ఇరవై ఆరేళ్ళ రిజిస్టరులో అది మొదటి మచ్చ. చదువుతుంటే ఏసుపాదానికి బాధ లేదంటే అబద్ధమే. చేయని నేరానికి సంజాయిషీ రాసివ్వడం ఎవరికి మాత్రం బాగుంటుంది? కానీ ఆఖరి వాక్యం మళ్ళీ చదివి, ఇంకోసారి చదివి, తాళంచెవి కోసం దాదాపు పరిగెత్తాడు.

గోరుతో గీకి ముప్ఫై ఒక్క ముక్కలూ పీకేశాడు. పూర్వస్థితి ఏదో ఆ ఊళ్ళో అతని వేళ్ళకొక్కటే తెలుసు. ఊళ వేసేదాన్ని అట్టడుక్కి దించాడు, ఈల వేసేదాన్ని దాని తోడు పంపాడు, పన్నెండోదాన్ని బెత్తెడు లాగాడు. చివర్లో, వీరమ్మ పలుకులోని ఒత్తులు విడివిడిగా తేలడం కోసం, కుడివైపున ఒక్క మీటను మాత్రం వేలెడు పైకి ఎత్తాడు. అద్దాల మూత అంకెల కోసం వేసింది గనక దాన్ని కూడా విప్పి మూలన పెట్టాడు.

"ఎడమ పక్క నుంచి లెక్కపెట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తది కదండీ?" అని నాగరత్నాన్ని భయంగా అడిగాడు.

"లెక్కపెట్టుకోవాలని తోచాలిగా. తోచినా ఎడమ నుంచా కుడి నుంచా అని తేల్చడానికి ఒక కమిటీ వెయ్యాలి. ఈలోపు ఎన్నికలొస్తాయి" అంది ఆవిడ.

ఇరవై నాలుగో తేదీ సాయంత్రం మందిరం కిక్కిరిసింది. చప్పట్లకు తెచ్చిన పాతికమంది మామూలుగానే చివరి వరసలో కూర్చున్నారు. వాళ్ళ పక్కనే నాగరత్నం. శాలువాలూ దండలూ ప్రసంగాలూ అయ్యాక, వీరమ్మ తంబుర భుజాన వేసుకుని వచ్చి నిలబడింది. అటొకరూ ఇటొకరూ డక్కీలు పట్టుకున్నారు. ఏసుపాదం సౌండు మెల్లగా పెంచుతూ పోయాడు. ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చున్నాడు.

"తందాన" అంది వీరమ్మ. మందిరం నోరెత్తలేదు. సన్నటి గొంతు ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పరుచుకుంది. కథ నడిచి నడిచి ఉప్పెన నీళ్ళు గుమ్మం దాటే చోటికి వచ్చింది. అక్కడ ఆవిడ గొంతు జీరపోయి, ఊపిరి అందక ఆగింది. సరిగ్గా ఇలాంటి సందులోనే కూత దూరేది. ఒకటి, రెండు, మూడు క్షణాలు. అంత పెద్ద హాల్లో వీరమ్మ ఊపిరి తీసుకోవడం ఒక్కటే వినిపించింది. తర్వాత ఆవిడ తల ఎత్తి, ఆగిన మాట దగ్గర్నుంచే అందుకుంది. చివరి వరసలో చీపురు పట్టే ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కథ ముగిశాక ఆ పాతికమందీ చప్పట్లు కొట్టారు. ఆ రోజు మాత్రం ఎవరూ కొట్టమనలేదు.

సభ అయ్యాక సౌండు గది తలుపు మీద దెబ్బ పడింది. ఛైర్మన్ గారు. అటూ ఇటూ చూసి లోపలికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "అంకెల్లేవు గానీ... నీకు తెలుసుగా. మాదేది?"

ఏసుపాదం వేలెడు పైకెత్తిన మీటను చూపించాడు. "ఇదేనండి. అన్నిటికంటే పైనుంది చూడండి."

"అనుకున్నాను. వీరమ్మ గొంతులో ఆ గాంభీర్యం మాదే" అంటూ ఆయన తృప్తిగా వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగుతుండగానే పానకాలు వచ్చాడు. ఏసుపాదం అదే మీట చూపించాడు. పానకాలు దాన్ని వేలితో ఒకసారి తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత తొమ్మిదో వార్డు, తర్వాత పదో వార్డు. అరగంటలో ఇరవై ముగ్గురొచ్చారు, ఇరవై ముగ్గురూ అదే మీట చూసుకుని మురిసిపోయి వెళ్ళారు.

అందరూ వెళ్ళాక నాగరత్నం వచ్చింది. "నీ రిజిస్టరు పాడు చేశాను, ఏమనుకోకు" అంది.

"వీరమ్మ ఆగిపోతే నా బతుకే పాడయ్యేదండి. రిజిస్టరుదేముంది."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పెట్టె మీదకి వంగింది. "ఇంతకీ మాదేది?"

ఏసుపాదం ఒక్క క్షణం ఆలోచించి, గాడి అడుగున నిశ్శబ్దంగా కూర్చున్న మీట మీద వేలు పెట్టాడు.

"మంచిది. చివరి వరస దాకా ప్రతి మాటా వినపడింది" అంది నాగరత్నం. "దాన్ని అక్కడే ఉండనీ."